ఎన్‌చాంట్‌మెంట్స్ ఒక్క రోజులో: నలుగురం, రెండు కార్లు, ఒక బావమరిది

తొలిమెట్టు · ఆగస్టు 18

అందరికీ నమస్కారం. మేము వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటాం. ఇక్కడి లెవెన్‌వర్త్ ఊరి దగ్గర, కొండల మీది సరస్సుల ప్రాంతం ఎన్‌చాంట్‌మెంట్స్. అక్కడ రాత్రి బస అనుమతి కోసం నాలుగేళ్ళుగా ప్రతి ఫిబ్రవరిలో లాటరీ వేస్తున్నాను. నాలుగేళ్ళుగా పేరు రాలేదు. ఇక ఆగలేక, సెప్టెంబరు చివరి వారంలో మొత్తం దారిని ఒక్క పగటిలో నడిచేద్దామని నిర్ణయించుకున్నాం. స్టువర్ట్ లేక్ ట్రెయిల్‌హెడ్‌లో (నడక దారి మొదలయ్యే చోటు) మొదలుపెట్టి, కొల్చక్ సరస్సు, ఆస్గార్డ్ పాస్ అనే కనుమ, పైనున్న సరస్సులన్నీ చూసుకుంటూ స్నో లేక్స్ ట్రెయిల్‌హెడ్‌లో దిగాలి. 18, 19 మైళ్ళని చదివాను.

వెళ్ళేది నలుగురం: నేను, నా భార్య, ఆఫీసు మిత్రుడు, మా బావమరిది. మేము ముగ్గురం ఈ వేసవిలో దగ్గర్లోని మౌంట్ సై కొండ మూడుసార్లు ఎక్కాం. బావమరిది చదువుకోవడానికి ఈ నెలలోనే వచ్చాడు. కొండలు అలవాటు లేవు కానీ ధీమాకు లోటు లేదు. "తిరుమల గంటన్నరలో ఎక్కాను బావా, ఇదెంత" అంటున్నాడు. అతన్ని తీసుకువెళ్ళవచ్చా? ఎన్నింటికి బయలుదేరాలి? రెండు కార్లు ఎక్కడ పెట్టాలి? వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పగలరు.

మోకాళ్ళ పర్వతం · ఆగస్టు 18

తొలిమెట్టు గారూ, మీ బావమరిది చెప్పిన తిరుమల లెక్కనే తీసుకుందాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. మొత్తం మీద ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఆస్గార్డ్ పాస్ దగ్గర ఎక్కేది కూడా ఇంచుమించు అంతే, 2,200 అడుగులు. తేడా ఏమిటంటే ఆ ఎత్తంతా ఒక మైలు కూడా లేని వాలులో ఎక్కాలి. మెట్లుండవు, పైకప్పు ఉండదు, మధ్యలో సోడా అమ్మేవాళ్ళుండరు. రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య వదులు ఇసుక. ఒక అడుగు పైకి వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. దారి ఇదని చెప్పడానికి రాళ్ళ మీద రాళ్ళు పేర్చిన చిన్న గుట్టలు తప్ప ఏమీ కనబడవు. ఆ వాలు మొదటికి చేరేసరికే ఐదు మైళ్ళు నడిచి ఉంటారు.

ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు, మూడుసార్లు వెళ్ళాను. నా అనుభవంలో ఆస్గార్డ్ ఎక్కలేక ఇబ్బంది పడినవాళ్ళకంటే, ఎక్కేసి తరువాత ఇబ్బంది పడినవాళ్ళే ఎక్కువ. పాస్ ఎత్తు 7,800 అడుగులు. మీరు చివరికి దిగే స్నో లేక్స్ ట్రెయిల్‌హెడ్ 1,300 అడుగుల దగ్గర ఉంది. అంటే 6,500 అడుగులు దిగాలి, అదీ రోజు రెండో సగంలో, అలసిన మోకాళ్ళతో. నా పేరు ఊరికే పెట్టుకున్నది కాదు.

గండిపేట గట్టు · ఆగస్టు 18

హైదరాబాదు నుంచి చదువుతున్నాను, వచ్చేది లేదు పోయేది లేదు. ఒక సందేహం. పటంలో అక్కడ లిటిల్ అన్నపూర్ణ అని కనబడుతోంది. మన అన్నపూర్ణ అమెరికాకు ఎప్పుడు వెళ్ళింది?

మోకాళ్ళ పర్వతం · ఆగస్టు 18

హిమాలయ శిఖరం పేరే పెట్టుకున్నారు. తమాషా ఏమిటంటే అసలు అన్నపూర్ణ 8,091 మీటర్లు, ఈ చిన్న అన్నపూర్ణ 8,440 అడుగులు. అంకెలు దగ్గరగానే ఉన్నాయి, కొలత మాత్రమే మారింది. కొల్చక్ అన్నది చినూక్ వ్యాపార భాషలోని మాట, చల్లని నీళ్ళు అని అర్థం. అందులో పాదం పెట్టినవాళ్ళెవరికీ అనువాదం అక్కర్లేదు.

పాత చెప్పులు · ఆగస్టు 19

నాకు 61 ఏళ్ళు. ఈ దారి 58వ ఏట నడిచాను, 14 గంటలు పట్టింది. ఇక్కడ యువకులు 9 గంటలు, 10 గంటలు అని రాస్తుంటారు, వాటిని పట్టించుకోకండి. నలుగురు వెళ్తే అందరికంటే మెల్లగా నడిచే మనిషి వేగమే నలుగురి వేగం. పైన ఫోటోలకు ఆగకుండా ఎవరూ ఉండలేరు, అదీ లెక్కలో వేసుకోండి.

కార్ల సంగతి. లెవెన్‌వర్త్ ఊరి నుంచి ఐసికిల్ రోడ్డు మీద నాలుగు మైళ్ళు వెళ్తే స్నో లేక్స్ ట్రెయిల్‌హెడ్ వస్తుంది. మొదటి కారు అక్కడ వదలండి. అందరూ రెండో కారులోకి ఎక్కి అదే రోడ్డులో ఇంకా పైకి పోతే ఎడమవైపు ఎయిట్‌మైల్ రోడ్డు చీలుతుంది. అది మట్టి రోడ్డు, గుంతలు, నాలుగు మైళ్ళకు కాస్త తక్కువ. దాని చివర స్టువర్ట్ లేక్ ట్రెయిల్‌హెడ్. రెండు చోట్లా కారు నిలపడానికి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కొనాలి. రెండు కార్లకు రెండు పాస్‌లని మరవకండి.

పగటి నడకకు లాటరీ లేదు. ట్రెయిల్‌హెడ్ దగ్గర పెట్టెలో ఉచిత అనుమతి పత్రాలు ఉంటాయి. ఒకటి నింపి ఒక ముక్క పెట్టెలో వేసి, రెండో ముక్క మీ సంచికి కట్టుకోవాలి. చీకట్లో కలం వెతుక్కుంటూ పది నిమిషాలు పోగొట్టుకున్నవాణ్ణి. జేబులో కలం పెట్టుకోండి.

బావమరిదిని ముందు మెయిల్‌బాక్స్ పీక్ అనే కొండ పాత దారిలో ఎక్కించండి. రెండున్నర మైళ్ళ పైచిలుకులో 4,000 అడుగులు. ఎక్కడం కాదు, దిగడం చూడండి. దిగాక మరునాడు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడా, గమనించండి.

నిమ్మకాయ పులిహోర · ఆగస్టు 19

మగవాళ్ళంతా అడుగులు, మైళ్ళు లెక్కపెడుతున్నారు, తిండి గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను వెళ్ళినప్పుడు మా బృందంలో ఒకాయన కేవలం ప్రోటీన్ బార్లు తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకు నోరు ఎండిపోయి ఒక్కటీ మింగుడుపడలేదు. అలసినప్పుడు తీపి వెగటు పుడుతుంది, పులుపూ ఉప్పూ దిగుతాయి. నా మాట విని పులిహోర కట్టుకోండి. నిమ్మకాయదైతే ఇంకా మంచిది, చింతపండుదైతే నూనె కాస్త తగ్గించండి. వేరుశెనగ చిక్కీ, ఖర్జూరాలు, ఓఆర్ఎస్ పొట్లాలు. పెరుగన్నం మాత్రం వద్దు, ఎండలో పులిసి మూత తన్నుకుంటుంది. నా సంచి అడుగు ఇప్పటికీ ఆ వాసనే.

నీళ్ళు ఎక్కువ మోయవద్దు. దారి పొడుగునా సరస్సులే. తలా ఒకటిన్నర, రెండు లీటర్ల సీసా, ఒక వడపోత పరికరం చాలు. నీళ్ళు అద్దంలా ఉన్నాయని నేరుగా తాగకండి, కడుపు పాడుచేసే జియార్డియా క్రిమి కంటికి కనబడదు.

కాలి గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందుభాగాన్ని తన్నుతూనే ఉంటాయి. నాకు రెండు గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి.

ఒంటరి బాటసారి · ఆగస్టు 20

అందరూ సలహాలిస్తున్నారు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను: సెప్టెంబరు చివరి వారం, అందులోనూ శనివారం వెళ్ళకండి. లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరిగే వారమది, సియాటిల్ సగం అక్కడే ఉంటుంది. పోయినసారి వెలుగు రాకముందే పార్కింగు నిండిపోయి, రోడ్డు పక్కన మైలు పొడుగునా కార్లు నిలిచాయి. ఆస్గార్డ్ మీద ముందు నడిచేవాళ్ళు తన్నిన రాళ్ళు వెనకవాళ్ళ మీద పడుతుంటే ఎవరికీ పట్టదు. రాయి దొర్లితే గట్టిగా అరవాలని కూడా చాలామందికి తెలియదు. పైన టిష్యూ కాగితాలు పూలలా పూచి ఉంటాయి.

తొమ్మిదిన్నర గంటల్లో ఒంటరిగా పూర్తిచేశాను. నలుగురితో వెళ్ళడం నాకు అర్థం కాని విషయం.

తొలిమెట్టు · ఆగస్టు 20

ఒంటరి బాటసారి గారూ, లార్చ్‌ల కోసమే ఆ వారం. పైన్ జాతి చెట్టు ఆకులు పసుపురంగుకు తిరిగి రాలిపోతాయంటే నా భార్య నమ్మలేదు, చూపించాలి. బుధవారం వెళ్తే రద్దీ తగ్గుతుందా?

పాత చెప్పులు గారూ, కలం రాసుకున్నాను. పులిహోర కూడా.

పాత చెప్పులు · ఆగస్టు 20

బుధవారం మేలు. కానీ బంగారు రంగు కావాలో, పగటి వెలుగు కావాలో మనసులో తేల్చుకోండి. జూలైలో 15 గంటలకు పైగా పగలు ఉంటుంది. సెప్టెంబరు చివరికి 12 గంటలే. ఉదయం ఏడింటికి గానీ సూర్యుడు రాడు, సాయంత్రం ఏడు కాకముందే వెళ్ళిపోతాడు. మీరు 14 గంటలు నడిస్తే రెండు చివరలా చీకటే. ప్రతి ఒక్కరికీ హెడ్‌ల్యాంపు, అదనపు బ్యాటరీలు. ఫోను దీపం కుదరదు, చేతిలో కర్రలుంటాయి. స్నో లేక్స్ కింద ఉన్న నాడా సరస్సు దాటాక చీకట్లో ఆ దారి మలుపుల మీద మలుపులు తిరుగుతూ ఎంతకీ తెగదు. కింద రోడ్డు మీద కార్ల దీపాలు కనబడుతూనే ఉంటాయి, దగ్గరకు మాత్రం రావు. నాకు ఏడుపొచ్చింది, నిజం.

మోకాళ్ళ పర్వతం · ఆగస్టు 21

ఇప్పుడు అసలు మాట. ఈ దారిలో ఒక్క చోటే నిర్ణయం మీ చేతిలో ఉంటుంది: కొల్చక్ సరస్సు అవతలి ఒడ్డున, బండరాళ్ళు దాటి ఆస్గార్డ్ వాలు మొదలయ్యే చోటు. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే కారు ఐదు మైళ్ళ దూరంలో, తెలిసిన దారిలో ఉంది. పాస్ ఎక్కేశాక వెనక్కి దిగడం ఆ ఇసుకలో ఇంకా ప్రమాదం, ముందుకు పోతే 12 మైళ్ళకు పైనే. ఫోను పనిచేయదు. నడవలేనివాణ్ణి బయటికి తేవాలంటే గంటలు పడుతుంది.

కాబట్టి ఆ చోటికి ఎన్నింటికి చేరకపోతే వెనక్కి తిరగాలో ఇంట్లోనే, భోజనాల బల్ల దగ్గర, నలుగురూ కూర్చుని రాసుకోండి. కొండ మీద నిర్ణయించుకోవద్దు. కొండ మీద ప్రతివాడి బుర్రా లాయరు బుర్రే.

నా లెక్క ఇది. ఐదింటికి నడక మొదలైతే ఎనిమిదికి కొల్చక్. సరస్సు చుట్టూ బండలు దాటి వాలు మొదటికి తొమ్మిది. పాస్ పైకి పదకొండు, పదకొండున్నర. పైన సరస్సుల మధ్య మూడు గంటలు: ఐసోలేషన్, ఇన్‌స్పిరేషన్, పర్ఫెక్షన్, లెప్రికాన్, చివర వివియన్. వివియన్ దాటాక నున్నటి రాతిపలకల మీద దిగాలి, అక్కడ రాతిలో ఇనుప కడ్డీలు దిగగొట్టారు. తడిగా ఉంటే కూర్చుని దిగండి, ఎవరూ నవ్వరు. స్నో లేక్స్‌కు సాయంత్రం నాలుగు. అక్కడి నుంచి ఇంకా ఆరున్నర మైళ్ళు. వాలు మొదటికి చేరడానికి మీకైతే గడువు తొమ్మిదిన్నర అంటాను.

ఇంకొకటి. పాస్ మీద పాత మంచు మిగిలి ఉంటే కూర్చుని జారాలన్న సరదా వద్దు. ఆ మంచు కింద వాగు పారుతుంది, పైపొర పలచబడి గుంత పడుతుంది. అలాంటి చోట ప్రాణాలు పోయాయి. సెప్టెంబరు చివరికి పాత మంచు దాదాపు ఉండదు, కొత్త మంచు మాత్రం ఆ వారంలోనే పడవచ్చు. ముందురోజు రేంజర్ కార్యాలయానికి ఫోను చేసి కనుక్కోండి. అడవి మంటల పొగ సంగతి కూడా అడగండి. 2022 సెప్టెంబరులో బోల్ట్ క్రీక్ మంటలకు లెవెన్‌వర్త్ వెళ్ళే హైవే 2 మూసేశారు, మేము దారిలోని మోన్రో ఊరి నుంచి వెనక్కి వచ్చాం.

గండిపేట గట్టు · ఆగస్టు 21

కొండ మేకల గురించి ఎవరూ చెప్పరేమిటి? వీడియోల్లో మనుషుల వెనకాలే తిరుగుతున్నాయి.

నిమ్మకాయ పులిహోర · ఆగస్టు 21

వాటికి మన మీద ప్రేమ కాదు, మన ఉప్పు మీద. మూత్రం కోసం వస్తాయి, చెప్పడానికి మొహమాటమైనా చెప్పాలి. దారికి దూరంగా, నీళ్ళకు దూరంగా, రాతి మీద పోయాలి. మట్టి మీద, మొక్కల మీద పోస్తే ఉప్పు కోసం గిట్టలతో తవ్వేస్తాయి. ఆ ఎత్తులో ఒక గడ్డిదుబ్బు మళ్ళీ మొలవాలంటే ఏళ్ళు పడుతుంది.

ఇన్‌స్పిరేషన్ సరస్సు దగ్గర సంచి కింద పెట్టి పది అడుగులు వెళ్ళాను. తిరిగి చూస్తే తెల్ల మేక ఒకటి నా చెమట పట్టిన భుజం పట్టీని నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, మా నాన్నగారు వక్కపొడి నమిలినట్టు నెమ్మదిగా నములుతోంది. పక్కనే పిల్ల. కొమ్ములు దగ్గరగా చూస్తే కటారుల్లా ఉన్నాయి. యాభై గజాల దూరం ఉండాలని నియమం. అది తానే దగ్గరికి వస్తే మనమే వెనక్కి తగ్గాలి. పట్టీ వదిలే వరకు పావుగంట నిలబడ్డాను. ఈ పావుగంట కూడా మీ లెక్కలో వేసుకోండి, మోకాళ్ళ పర్వతం గారూ.

పాత చెప్పులు · ఆగస్టు 22

స్నో లేక్స్ దగ్గర ఒకటి చూడండి. ఎగువ, దిగువ సరస్సుల మధ్య చిన్న ఆనకట్ట ఉంటుంది, దారి దాని మీదుగానే పోతుంది. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి వచ్చినవాణ్ణి, అలసట మరిచి అక్కడే నిలబడిపోయాను. గ్రాండ్ కూలీ ఆనకట్ట కట్టినప్పుడు సాల్మన్ చేపలకు ఎగువ కొలంబియా నది దారి మూసుకుపోయింది. ఆ నష్టానికి బదులుగా లెవెన్‌వర్త్‌లో చేపపిల్లల కేంద్రం పెట్టారు. దానికి వేసవి చివర చల్లని నీళ్ళు చాలకపోతే ఈ ఎగువ సరస్సు నుంచి రాతిలో తొలిచిన సొరంగం గుండా నాడా సరస్సులోకి వదులుతారు. 1976లో చట్టం చేసి వనంగా కాపాడుతున్న చోట, అంతకుముందటి తూము ఇప్పటికీ పనిచేస్తోంది. మన చెరువు తూము లాంటిదే, కాకపోతే 5,400 అడుగుల ఎత్తులో.

తొలిమెట్టు · సెప్టెంబరు 8

మెయిల్‌బాక్స్ పాత దారి ఎక్కాం. బావమరిది అందరికంటే ముందు పైకి చేరి, శిఖరం మీది ఉత్తరాల పెట్టె పక్కన ఫోటో దిగాడు. దిగేటప్పుడు కూడా బాగానే ఉన్నాడు. మరునాడు గోడ పట్టుకున్నది నేను. అయినా వెళ్తున్నాం, బుధవారమే. తొమ్మిదిన్నర గడువు కాగితం మీద రాసి నలుగురం సంతకం పెట్టాం, ఫ్రిజ్ మీద అంటించి ఉంది. బావమరిది సంతకం కింద "పైవాడి దయ" అని కూడా రాశాడు.

తొలిమెట్టు · సెప్టెంబరు 27

వెళ్ళివచ్చాం. పూర్తి చేయలేదు.

మంగళవారం రాత్రి లెవెన్‌వర్త్‌లో పడుకుని, మూడున్నరకు లేచి, ఒక కారు స్నో లేక్స్ దగ్గర వదిలాం. రెండో కారుతో పైకి చేరేసరికి బుధవారమైనా పార్కింగు నిండింది. రోడ్డు పక్కన దిగువన చోటు వెతుక్కుని, అక్కడి నుంచి ముప్పావు మైలు మట్టి రోడ్డులో చీకట్లో నడిచి, ట్రెయిల్‌హెడ్ చేరింది ఐదున్నరకు. కలం ఉంది, పాత చెప్పులు గారికి కృతజ్ఞతలు. కొల్చక్ చేరకముందే మా మిత్రుడి కొత్త మేజోళ్ళు మడమను కొరికాయి. ఆగి, పట్టీ వేసి, రెండుసార్లు మళ్ళీ వేసి, ఇరవై ఐదు నిమిషాలు పోయాయి.

సరస్సు కనబడిన క్షణం గురించి రాయాలని చాలాసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. వెలుగు డ్రాగన్‌టెయిల్ శిఖరం కొన మీద మాత్రమే పడింది, నీళ్ళ మీద ఇంకా నీడ. ఆ నీడలోనే నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. నా భార్య చేతి తొడుగు తీసి వేళ్ళు ముంచి, మాట్లాడకుండా మళ్ళీ తొడుక్కుంది.

వాలు మొదటికి చేరేసరికి 9:50. ఇరవై నిమిషాలు ఆలస్యం. బావమరిది "ఇరవై నిమిషాలేగా బావా, పైన ఫోటోలు తగ్గిద్దాం" అన్నాడు. మిత్రుడు మడమ బాగానే ఉందన్నాడు. నేను కూడా, సిగ్గు లేకుండా చెబుతున్నాను, వెళ్దామనే అన్నాను. ఆస్గార్డ్ పైన అంచులో లార్చ్‌లు మూడు నాలుగు పసుపు చుక్కల్లా కనబడుతున్నాయి. నా భార్య తన ఫోనులో ఉన్న ఆ కాగితం ఫోటో చూపించింది. "రాసుకున్నది తొమ్మిదిన్నర" అంది, అంతే. తిరిగాం.

ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. ఉడుత లాంటి చిప్‌మంక్ ఒకటి చిక్కీ ముక్క ఎత్తుకుపోయింది, తోక నిలువుగా పెట్టి, జరిమానా వసూలు చేసుకున్న గుమాస్తాలా. ఆకాశం సాయంత్రం దాకా నిర్మలంగా ఉంది. ఆ రోజు ఎక్కినవాళ్ళంతా చక్కగా దిగి ఉంటారు. స్నో లేక్స్ దగ్గర మా మొదటి కారు ఊరికే ఎండలో నిలబడింది.

ఒంటరి బాటసారి · సెప్టెంబరు 27

ఇరవై నిమిషాల కోసం వెనక్కి తిరగడం నాకు మింగుడుపడడం లేదు. ఆకాశం బాగుంది, అందరూ నడవగలుగుతున్నారు, హెడ్‌ల్యాంపులు ఉన్నాయి. గడియారం చూసి కొండ ఎక్కడం కాదు, మనిషిని చూసి ఎక్కాలి.

మోకాళ్ళ పర్వతం · సెప్టెంబరు 28

మనిషినే చూడండి. మడమకు మూడు పట్టీలు వేసుకున్న మనిషి, ఇంకా 6,500 అడుగులు దిగాలి. ఒంటరిగా వెళ్ళినప్పుడు మీ కాలు మీకే తెలుస్తుంది. పక్కవాడి కాలు గురించి వాడు చెప్పేది నమ్మాలి, వాడేమో ఆ చోట ఎప్పుడూ బాగానే ఉందంటాడు.

ఒంటరి బాటసారి · సెప్టెంబరు 28

మడమ సంగతి ఒప్పుకుంటాను. ఇరవై నిమిషాల సంగతి ఒప్పుకోను.

తొలిమెట్టు · సెప్టెంబరు 29

మా ఇంట్లో కూడా ఇదే చర్చ నడుస్తోంది, తేలలేదు. బావమరిది రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. నిన్న రాత్రి నా ఫోనులో ఫిబ్రవరి 15కు ఒక అలారం పెట్టాడు, లాటరీ తెరిచే రోజు. అది రాకపోతే జూలై నెలాఖరులో మళ్ళీ పగటి నడకే. ఈసారి కారు గొడవ లేకుండా డబ్బులిచ్చి షటిల్ బండి మాట్లాడుకోవడమా, లేక ఎవరైనా దింపుతారా అన్నది చూడాలి.

పాత చెప్పులు · సెప్టెంబరు 29

షటిల్ ఎందుకు. నేను మీతో కొల్చక్ దాకా వచ్చి, నా పాటికి నేను దిగి, మీ కారు స్నో లేక్స్ వైపు తెచ్చి పెడతాను. ముసలి మోకాళ్ళకు అంతవరకు చాలు. దోమలు కుట్టకుండా ఏదైనా తెచ్చుకోండి, జూలైలో అక్కడ దండిగా ఉంటాయి. పులిహోర నాకొక డబ్బా విడిగా కట్టండి, చింతపండుదైనా ఫరవాలేదు.